దూరపు హోటలులో బస: రెండు రోజుల నగర ప్రయాణం చెడిపోకుండా చూసుకోవడం ఎలా

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, కోరాపుట్, జయపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలు రెండు రోజుల పని మీద విశాఖపట్నమో భువనేశ్వరమో వెళ్లి రావడం ఏడాది పొడుగునా జరిగేదే. ఆసుపత్రిలో చూపించుకోవడం, పిల్లల ప్రవేశ పరీక్ష, పెళ్లి బట్టల కొనుగోలు, ఇలా పని ఏదైనా కావచ్చు. ఎలాగూ వెళ్తున్నాం కనుక సముద్రమో గుడో చూసి రావాలన్న కోరిక కూడా దానికి తోడవుతుంది. గదిని మాత్రం ఇంట్లో కూర్చొని, ఫోనులో అద్దె తక్కువగా ఉందనో ఫొటోలు బాగున్నాయనో తీసేసుకుంటాము. తీరా రైలు దిగి ఆటో ఎక్కాక, విశాఖపట్నం అని రాసి ఉన్న ఆ హోటలు ఊరి చివర కొమ్మాదిలోనో కూర్మన్నపాలెంలోనో ఉందనీ, భువనేశ్వర్ అని చూపించినది పటియా కూడా దాటి ఉందనీ తెలుస్తుంది. అప్పటికి డబ్బు కట్టేసి ఉంటాము, వెంట పెద్దవాళ్లు ఉంటారు, చేతిలో ఉన్నవి రెండే రోజులు.

ఇలాంటి పరిస్థితిలో ఎక్కువమంది చేసే పని, హోటలు ఊరి మధ్యలో ఉన్నట్టే రోజును నడపడం. పొద్దున పని చూసుకొని భోజనానికి గదికి రావడం, కాసేపు పడుకొని సాయంత్రం మళ్లీ ఊళ్లోకి వెళ్లడం, రాత్రికి మళ్లీ తిరిగి రావడం. దగ్గరి హోటలులో ఇది సుఖమే. దూరపు హోటలులో ఇదే రోజును మింగేస్తుంది, ఆటో ఖర్చు తడిసి మోపెడవుతుంది. కనుక ఈ వ్యాసంలో చెప్పే ఉపాయాలన్నీ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతాయి: గదికి ఎన్నిసార్లు తిరిగి వస్తున్నాము అన్నదే ఆ లెక్క.

నిజంగా దూరమేనా?

గది దూరమా దగ్గరా అన్నది మీరు వచ్చిన పనిని బట్టి ఉంటుంది. విశాఖలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి వచ్చినవారికి పని హనుమంతవాక కూడలి దగ్గర కనుక, మధురవాడ వైపు ఉన్న హోటలే వారికి నయం; రైల్వే స్టేషను ఎదుటి లాడ్జి వారికి దూరం. అదే కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రికి) వచ్చినవారికి లెక్క తిరగబడుతుంది, ఆ ఆసుపత్రి మహారాణిపేటలో, సముద్రతీరానికీ పాత పట్టణానికీ దగ్గరగా ఉంది. భువనేశ్వర్‌లో ఎయిమ్స్ నగరానికి నైరుతి అంచున సిజువా దగ్గర ఉంది కాబట్టి ఖండగిరి వైపు గది దొరికినవారు దిగులు పడనక్కరలేదు. అక్కడి ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రి మాత్రం నగరానికి మరో కొసన, ఉత్తరాన పటియాలో ఉంది. ఊరి నడిబొడ్డు ఎక్కడ అన్న ప్రశ్న పక్కన పెట్టి, ఈ రెండు రోజుల్లో మనం తప్పనిసరిగా వెళ్లవలసిన చోటు ఏది, అది ఈ గదికి ఏ వైపున ఉంది అన్నది ముందుగా తేల్చుకోవాలి.

ఆ తరువాత కిలోమీటర్లను నమ్మకూడదు. బుకింగ్ యాప్‌లు చూపించే దూరం చాలాసార్లు పటం మీద గీత గీసినట్టు కొలిచిన దూరం. విశాఖలో ఈ మోసం కళ్లెదుటే కనిపిస్తుంది. ఆర్కే బీచ్‌లో నిలబడి దక్షిణానికి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ చేతికి అందేటంత దగ్గరగా ఉంటుంది, యారాడ తీరం ఆ కొండకు అవతలి పక్కనే ఉంది. కాని మధ్యలో ఓడరేవులోకి నౌకలు వెళ్లే కాలువ అడ్డం. రోడ్డు మీద వెళ్లాలంటే ఓడరేవును చుట్టి, సింధియా, మల్కాపురం మీదుగా కొండ ఎక్కి దిగాలి. యారాడ దగ్గర గది తీసుకొని, బీచ్ పక్కనే కదా, నడిచి వెళ్దామనుకున్నవారికి ఈ సంగతి అక్కడికి చేరాకే తెలుస్తుంది. అందుచేత ఫోనులోని పటంలో దారి అడిగేటప్పుడు బయలుదేరే సమయాన్ని ఉదయం ఎనిమిదిన్నరకూ, సాయంత్రం ఆరున్నరకూ మార్చి రెండుసార్లు చూడాలి. మధ్యాహ్నం అరగంట అని చూపించిన దారి సాయంత్రానికి గంట దాటవచ్చు. మీ ప్రణాళికకు పనికొచ్చేది ఆ రెండో అంకె.

మూడవది, నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైనది, హోటలు ముందున్న రోడ్డు. 16వ నంబరు జాతీయ రహదారి ఈ రెండు నగరాల గుండానూ పోతుంది, తక్కువ అద్దె హోటళ్లు చాలా వరకు దాని ఒడ్డునే ఉంటాయి. ఊళ్లోకి వెళ్లే బస్సు ఆగేది అవతలి పక్కన అయితే, పటంలో ఆ స్టాపు గుమ్మానికి ఎదురుగానే కనిపిస్తుంది. దిగి చూస్తే రోడ్డు మధ్య డివైడరు, దాని మీద ఇనుప కంచె. దాటాలంటే సర్వీసు రోడ్డు వెంట అండర్‌పాస్ దాకా నడిచి, అవతల మళ్లీ అంత దూరం వెనక్కి నడవాలి. సర్వీసు రోడ్డు మీద కాలిబాట ఉండదు, ఎదురుగా మోటారు సైకిళ్లు తప్పుదారిలో వస్తూనే ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మనో అత్తగారినో పట్టుకొని ఆ దారిన నడిపించడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. కొందరు కంచె విరిగిన సందులోంచి దూరి దాటేస్తుంటారు. ఎంత తొందరలో ఉన్నా అలా చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. లారీలు దిగ్గున వచ్చే రోడ్డు అది.

కాబట్టి హోటలుకు చేరగానే, మిగిలినవారు స్నానాలు చేస్తున్న సమయంలో ఇంట్లో ఒకరు బయటికి వెళ్లి, బస్ స్టాపు దాకా నడిచి వెనక్కి రావాలి. ఎన్ని నిమిషాలు పట్టింది, రాత్రి దీపాలు వెలిగే దారేనా, ఆటోలు ఎక్కడ నిలుస్తున్నాయి, టిఫిను దుకాణం ఉందా, మందుల దుకాణం ఉందా అన్నవి ఆ ఒక్క నడకలో తెలిసిపోతాయి. తిరిగి వచ్చేటప్పుడు గదులు శుభ్రం చేసే అబ్బాయినో వాచ్‌మన్‌నో పలకరించి, మీరు రోజూ పనికి ఎలా వస్తారు బాబూ అని అడగాలి. ఊళ్లోకి ఎలా వెళ్లాలని రిసెప్షన్‌లో అడిగితే క్యాబ్ పిలిపిస్తామంటారు. తాము ఎలా వస్తారని అడిగితే మాత్రం ఏ మలుపు దగ్గర షేర్ ఆటో దొరుకుతుంది, ఎన్ని గంటల తరువాత అవి ఆగిపోతాయి, మనిషికి ఎంత తీసుకుంటారు అన్నవన్నీ ఉన్నదున్నట్టు చెబుతారు. భువనేశ్వర్‌లో ఈ మాటలు ఒడియాలోనే అడగండి. సరిహద్దు జిల్లాల్లో పుట్టి పెరిగినందుకు మనకు ఆ భాష నోటిమీదే ఉంటుంది, దానివల్ల ఎదుటివారు మనసు విప్పి చెబుతారు.

మారాలా, సర్దుకోవాలా

ఈ నిర్ణయం రిజిస్టరులో సంతకం పెట్టి ఆధార్ కార్డు ఇచ్చేలోపు తీసుకోగలిగితే మేలు. ఒకసారి చెక్ ఇన్ అయిపోయాక రెండో రాత్రిని రద్దు చేయించుకోవడం కష్టమవుతుంది. అంతకుముందైతే మేనేజరు చేతిలో కొంత వెసులుబాటు ఉంటుంది. గొంతు పెంచడం వల్ల లాభం లేదు. "పెద్దవాళ్లతో వచ్చామండీ, ఇక్కడినుంచి రోజూ ఆసుపత్రికి తిరగలేము. ఈ రాత్రికి ఉంటాము, రేపటి గది వదిలేస్తాము, ఆ డబ్బు వెనక్కి ఇచ్చే వీలుందేమో ఒకసారి చూడండి" అని నెమ్మదిగా అడిగితే, గదులకు గిరాకీ ఉన్న రోజుల్లో చాలామంది ఒప్పుకుంటారు. అదే యజమానికి ఊళ్లో మరో హోటలు ఉందేమో కూడా అడగాలి, ఉంటే అక్కడికి మార్చడం వారికి సులువు. యాప్ ద్వారా డబ్బు కట్టి ఉంటే హోటలువారు సరే అన్నంత మాత్రాన చాలదు. యాప్ సహాయ కేంద్రానికి కూడా అప్పుడే, రిసెప్షన్ ముందు నిలబడి ఉండగానే ఫోను చేసి ఆ మాట నమోదు చేయించుకోవాలి.

ఇక్కడ ఒక తేడా గుర్తించాలి. చిరునామా సరిగ్గానే ఇచ్చి, మనం చూసుకోకపోతే అది మన లోపం. యాప్‌లో ఒకచోట గుర్తు పెట్టి, అసలు హోటలు మరోచోట ఉంటే అది వారి లోపం. అలాంటప్పుడు యాప్ చూపించిన పటాన్నీ, మీరు నిలబడి ఉన్న చోటునూ రెండు స్క్రీన్‌షాట్‌లు తీసి ఉంచుకోవాలి. వారు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు ఆ సాయంత్రానికే రాదు కనుక, ప్రయాణాన్ని ఆ గొడవకు బలిపెట్టకుండా ఫిర్యాదు నమోదు చేసి ముందుకు సాగడం మంచిది.

మారితే ఖర్చెంత, ఉంటే ఖర్చెంత అన్నది కాగితం మీద వేసి చూడాలి. ఊళ్లోకి ఆటో ఒక వైపుకు 350 రూపాయలు అనుకుందాం. రోజుకు రెండుసార్లు వెళ్లి రెండుసార్లు వస్తే 1,400, రెండు రోజులకు 2,800. ఒక్కసారే వెళ్లి ఒక్కసారే వస్తే రెండు రోజులకు 1,400. మిగిలిన 1,400 రూపాయలు ఊళ్లోని ఒక మామూలు లాడ్జిలో ఒక రాత్రి అద్దెకు సరిపోవచ్చు. అంటే తిరుగుళ్లు తగ్గించుకోగలిగినవారు ఉన్నచోటే ఉండవచ్చు, తగ్గించుకోలేనివారు రెండో రాత్రి డబ్బు పోయినా సరే మారిపోవడమే తెలివైన పని. శస్త్రచికిత్స జరిగినవారు, నెలలు నిండిన గర్భిణి, చంటిపిల్ల తల్లి, రోజుకు చాలాసార్లు మరుగుదొడ్డికి వెళ్లవలసిన వృద్ధులు వెంట ఉంటే నేను రెండో మాట లేకుండా మారమనే చెబుతాను. కుర్రవాళ్లు ఇద్దరు వచ్చి ఉంటే మారనక్కరలేదు.

మారదలచినవారు రైల్వే రిటైరింగ్ రూములను కూడా గుర్తు పెట్టుకోవాలి. విశాఖ, భువనేశ్వర్ వంటి పెద్ద స్టేషన్లలో ఇవి ఉన్నాయి. ఖరారైన టికెట్టు లేదా ఆర్‌ఏసీ టికెట్టు ఉన్నవారు దాని పీఎన్ఆర్ నంబరుతో, ఎక్కే స్టేషనులో గాని దిగే స్టేషనులో గాని, ఐఆర్‌సీటీసీ ద్వారా తీసుకోవచ్చు. ముందు రోజు ఖాళీ లేకపోయినా ఎవరైనా రద్దు చేసుకుంటే దొరుకుతుంది, అప్పుడప్పుడు చూస్తూ ఉండాలి. సౌకర్యం సాధారణంగా ఉంటుంది, చప్పుడు తప్పదు. కాని తెల్లవారుజామున రైలు ఉన్నవారికి ఇంతకంటే మంచి చోటు ఉండదు.

ఒకసారి బయలుదేరడం, ఒకసారి తిరిగి రావడం

ఉండిపోవాలని నిర్ణయించుకున్నాక, హోటలు గదిని రాత్రి పడుకొనే చోటుగా మాత్రమే చూసి, పగటి మకాం ఊళ్లో మరోచోట పెట్టుకోవాలి. ఉదయం ఆరున్నర, ఏడు మధ్య బయలుదేరితే రోడ్డు ఖాళీగా ఉంటుంది. పదిహేను కిలోమీటర్లు కూడా అంతగా తెలియవు. కాని ఆ సమయానికి హోటలువారి ఉచిత టిఫిను ఇంకా మొదలై ఉండదు. ముందు రోజు రాత్రే రిసెప్షన్‌లో చెబితే కొన్నిచోట్ల ఇడ్లీలో బ్రెడ్డో పొట్లం కట్టి ఇస్తారు. ఇవ్వకపోతే దాని కోసం గంటన్నర కాచుకొని కూర్చోవద్దు. ఊళ్లోకి వెళ్లి వేడివేడి ఇడ్లీ తినడానికి అయ్యే ఖర్చు ఆ గంటన్నర కంటే చాలా తక్కువ.

రోజు మధ్యలో గదికి పరుగెత్తించేవి తరచుగా చిన్న చిన్న వస్తువులే. డాక్టరు పాత రిపోర్టు అడుగుతారు, అది గదిలో ఉండిపోయి ఉంటుంది. మధ్యాహ్నం వేసుకోవలసిన చక్కెర మాత్ర అలమరాలో ఉంటుంది. ఫోను ఛార్జింగ్ అయిపోతుంది. పిల్లవాడు సముద్రంలో తడుస్తాడు. అందుకని పగటి సంచీని రాత్రే సర్ది తలుపు పక్కన కుర్చీలో పెట్టాలి: ఆసుపత్రి ఫైలు, ఎక్స్‌రేలు ఉన్న పెద్ద కవరు, పాత మందుల చీటీలు, మధ్యాహ్నపు మాత్రలు, ఆధార్ కార్డులు, ఛార్జరు, పవర్ బ్యాంకు, ఒక తువ్వాలు, పిల్లలకు ఒక జత బట్టలు, గొడుగు, నీళ్ల సీసా. సముద్రపు గాలిలో చెమటకు చొక్కా తడిసిపోతుంది కనుక మగవారు కూడా ఒక చొక్కా అదనంగా పెట్టుకుంటే సాయంత్రం బంధువుల ఇంటికి వెళ్లడానికి ఇబ్బంది ఉండదు. సంచీ బరువైతే స్టేషనులోని క్లోక్ రూములో పెట్టుకోవచ్చు. రైలు టికెట్టు చూపించాలి, సంచీకి తాళం ఉండాలి. తాళం పట్టని గుడ్డసంచీలను తీసుకోరు, దానికి ముందే సిద్ధపడాలి.

మధ్యాహ్నపు విశ్రాంతి ఈ పద్ధతిలో అసలైన చిక్కు. పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పెద్దవాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలి? మన ప్రాంతంలో విశాఖలో చుట్టం లేని ఇల్లు అరుదు. పిన్నిగారో మేనమామగారో ఉంటే, భోజనాల హడావిడి పెట్టకుండా ముందు రోజే ఫోను చేసి, "భోజనం చేసే వస్తాం పిన్నీ, నాన్నగారు ఒక రెండు గంటలు నడుం వాల్చితే చాలు" అని స్పష్టంగా చెప్పాలి. అలా చెబితే వారికీ భారం కాదు, మనకూ మొహమాటం ఉండదు. చుట్టాలు లేనిచోట ఆ మూడు గంటలకు నీడ, కుర్చీ, మరుగుదొడ్డి ఉన్న చోటు చూసుకోవాలి. స్టేషను నిరీక్షణ మందిరం టికెట్టు ఉన్నవారికి పనికొస్తుంది. భువనేశ్వర్‌లో కల్పనా స్క్వేర్ దగ్గరి ఒడిశా రాష్ట్ర మ్యూజియం నీడపట్టున తీరిగ్గా చూసే చోటు, అయితే సోమవారం సెలవు. గుళ్లను మధ్యాహ్నానికి పెట్టుకోవడం నాకు నచ్చదు. నైవేద్యాల వేళ దర్శనం ఆపేస్తారు, బయట రాళ్ల మీద కాళ్లు కాలుతాయి.

చూడవలసిన చోట్లను వరుస పెట్టేటప్పుడు దిక్కులను బట్టి పెట్టాలి. మధురవాడ, కొమ్మాదిలో గది ఉన్నవారు ఉదయం తొట్లకొండ బౌద్ధ క్షేత్రం, రుషికొండ తీరం చూసుకొని, బీచ్ రోడ్డు వెంటే కైలాసగిరి మీదుగా ఆర్కే బీచ్‌కు దిగి, అక్కడ కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూసి (దీనికీ సోమవారం సెలవే), ఊళ్లో పని ముగించుకొని, చీకటి పడ్డాక రహదారి మీదుగా గదికి చేరితే ఎక్కడా వెనకడుగు వేసినట్టు ఉండదు. వెళ్లిన దారి వేరు, వచ్చిన దారి వేరు అవుతాయి. గాజువాక వైపు ఉన్నవారు మొదట యారాడను ముగించుకోవాలి. సింహాచలం వెళ్లేవారు ఊళ్లోకి దిగకుండా ఎన్ఏడీ కొత్త రోడ్డు, గోపాలపట్నం మీదుగా నేరుగా కొండకు పోవచ్చు. ఊరి మధ్యలో ఉన్నవారికి దూరమయ్యే చోట్లు మనకు దగ్గరవుతాయి, వాటిని వదులుకోకూడదు.

భువనేశ్వర్‌లో ఈ మాట ఇంకా బాగా వర్తిస్తుంది. ఖండగిరి దగ్గర గది దొరికితే, పొద్దున్నే జనం లేని వేళ ఉదయగిరి గుహలకు నడిచి వెళ్లి, హాథీగుంఫా అనే గుహ మీద కళింగరాజు ఖారవేలుడి శాసనాన్ని నింపాదిగా చూడవచ్చు. ఊరి మధ్యనుంచి వచ్చేవారు చేరేసరికి ఎండ ఎక్కి ఉంటుంది. పర్లాకిమిడి వైపు వారికి శ్రీముఖలింగం గుడి తెలిసినదే కనుక, పాత నగరంలో లింగరాజ, ముక్తేశ్వర ఆలయాల ముందు నిలబడితే ఆ శిల్పం మనదేనన్న భావన తప్పక కలుగుతుంది. వాటితోపాటు అశోకుడి శాసనం ఉన్న ధౌళిని కూడా అదే రోజు పెట్టుకోవాలి, అవన్నీ నగరానికి దక్షిణపు కొసన ఉన్నాయి. పటియాలో గది ఉన్నవారికి నందన్‌కానన్ జంతుప్రదర్శనశాల దగ్గర, దానికీ సోమవారం సెలవు. ఉత్తరం ఒక రోజు, దక్షిణం ఒక రోజు అని విడదీసుకుంటే రెండు రోజులూ సరిపోతాయి. రెంటినీ ఒకే రోజు కలిపితే రోజంతా జయదేవ్ విహార్, వాణీ విహార్ కూడళ్ల దగ్గర ఎర్ర దీపాలు చూస్తూనే గడుస్తుంది.

హైదరాబాదు సంగతి కొంచెం వేరు. 2017 నుంచి అక్కడ మెట్రో ఉంది కనుక, స్టేషనుకు నడిచి వెళ్లగలిగే హోటలు మియాపూర్‌లో ఉన్నా ఎల్బీ నగర్‌లో ఉన్నా దూరమని అనుకోనక్కరలేదు. మెట్రోకు ఆటోలో వెళ్లవలసిన హోటలైతే, అద్దె ఎంత తక్కువైనా దూరం కిందే లెక్క.

ఆటోలు, బస్సులు, రాత్రి తిరుగు ప్రయాణం

విశాఖలో ఆర్టీసీ సిటీ బస్సులు రహదారి పొడవునా తిరుగుతాయి. ద్వారకా బస్ స్టేషను, మద్దిలపాలెం దగ్గర ఎక్కితే మధురవాడ వైపు గాని గాజువాక వైపు గాని పగటిపూట ఎక్కువసేపు ఎదురు చూడనక్కరలేదు. మన ఆడవారికి ఒక మాట ముందే చెప్పి ఉంచడం మంచిది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం ఉన్నా, అది ఆ రాష్ట్ర నివాసులకు మాత్రమే. ఒడిశా చిరునామా ఉన్న ఆధార్‌తో వెళ్లే మనవాళ్లు టికెట్టు తీసుకోవలసిందే. తెలంగాణలోనూ అంతే. కండక్టరుతో వాదన పెట్టుకొని నలుగురిలో చిన్నబుచ్చుకోవడం కంటే చిల్లర చేతిలో పెట్టుకోవడం నయం. భువనేశ్వర్‌లో 2018లో మో బస్ పేరుతో మొదలై ఇప్పుడు ఆమ బస్‌గా పిలుస్తున్న సిటీ బస్సులు పటియా, ఖండగిరి, బరముండా వైపులన్నిటికీ వెళ్తాయి, చవక, శుభ్రంగా ఉంటాయి.

ఆటోవారు దూరపు హోటలుకు ఎక్కువ అడుగుతారని అందరి ఫిర్యాదు. దానికి కారణం ఉంది: మనల్ని దింపాక ఊరి చివరినుంచి ఖాళీగా తిరిగి రావాలి, ఆ పెట్రోలు కూడా మన మీదే వేస్తారు. కనుక బేరంలో ఎంత గింజుకున్నా తగ్గేది కొంచెమే. రాత్రి ఎనిమిది దాటాక స్టాండులో, "మధురవాడ వైపు ఇల్లు ఉన్నవారు ఎవరైనా ఉన్నారా, ఇంటికి వెళ్లేటప్పుడు మమ్మల్ని దింపుతారా" అని అడిగి చూడండి. ఎలాగూ అటు పోవలసినవారికి మన కిరాయి కలిసి వచ్చినట్టే, అందుచేత సగానికి సగం తగ్గించేవారు కూడా ఉంటారు. ఉదయం హోటలు దగ్గర ఎక్కించుకున్న ఆటో అతను నెమ్మదస్థుడని అనిపిస్తే అతని నంబరు తీసుకొని, రాత్రి ఇన్ని గంటలకు ఫలానా చోటికి రమ్మని అప్పుడే మాట్లాడుకోవచ్చు. యాప్‌లో క్యాబ్ దొరుకుతుందన్న భరోసాతో ఉండేవారికి, రాత్రి పదిన్నరకు ఊరి చివరి పేరు చూడగానే డ్రైవర్లు వరుసగా రద్దు చేసే అవకాశం ఉందని గుర్తు చేయాలి.

రాత్రి భోజనం ఊళ్లోనే ముగించుకొని బయలుదేరాలి. రహదారి పక్క ధాబాలో మసాలా కూరలు రెండు రోజులు వరుసగా తింటే పెద్దవాళ్ల కడుపు ఊరుకోదు. వచ్చేటప్పుడు ఒక పెరుగు డబ్బా, అరటిపళ్లు, మంచినీళ్లు కొనుక్కొని వస్తే అర్ధరాత్రి ఆకలికీ, పొద్దున బయలుదేరేముందు మాత్ర వేసుకోవడానికీ సరిపోతాయి. ఆలస్యంగా వస్తామని రిసెప్షన్‌కు ముందే చెప్పడం మరచిపోకూడదు, కొన్ని హోటళ్లలో పదకొండు దాటితే గేటు వేసి లోపల నిద్రపోతారు. ఆడవాళ్లు మాత్రమే ప్రయాణిస్తున్నప్పుడు వాహనం నంబరు, ఫోనులోని లొకేషను ఇంటికి పంపి ఉంచాలి. ఇబ్బంది అనిపిస్తే 112కు ఫోను చేయడానికి వెనుకాడకూడదు.

చివరి రోజు

చివరి రోజున చాలామంది పన్నెండింటికి గది ఖాళీ చేసి, సామాను రిసెప్షన్‌లో ఉచితంగా పెట్టి ఊళ్లోకి వెళ్తారు. దగ్గరి హోటలుకు ఇది సరైన పద్ధతే. దూరపు హోటలు విషయంలో మాత్రం ఆ ఉచితం కోసం సాయంత్రం రద్దీలో వెనక్కి వచ్చి, మళ్లీ స్టేషనుకు పరుగెత్తవలసి వస్తుంది. రైలు తప్పిపోయేది సాధారణంగా ఇక్కడే. ఉదయాన్నే గది ఖాళీ చేసి, సామానుతో సహా స్టేషనుకు వెళ్లి క్లోక్ రూములో పెట్టేసి, అక్కడినుంచి చేతులూపుకుంటూ ఊళ్లోకి వెళ్లాలి. ఆ రోజు చూడవలసినవి స్టేషను చుట్టుపక్కలవే పెట్టుకోవాలి. పెళ్లి బట్టల కొనుగోలు కూడా చివరి రోజుకే ఉంచితే ఆ మూటలను గదికి మోసుకెళ్లే పని తప్పుతుంది.

ఎక్కవలసిన స్టేషను ఏదో టికెట్టు మీద మరోసారి చూసుకోవాలి. విశాఖ స్టేషనులో ఇంజను దిశ మార్చవలసి వస్తుంది కనుక కొన్ని దూరపు రైళ్లు అక్కడికి రాకుండా దువ్వాడలో ఆగి వెళ్లిపోతాయి. దువ్వాడ నగరానికి సుమారు 17 కిలోమీటర్లు. గాజువాక, కూర్మన్నపాలెం హోటళ్లలో ఉన్నవారికి ఇది కలిసి వచ్చే విషయం, మధురవాడలో ఉన్నవారికి నగరాన్ని ఈ కొసనుంచి ఆ కొసకు దాటడమే. భువనేశ్వర్‌లోనూ మంచేశ్వర్ అవతల భువనేశ్వర్ న్యూ అని వేరే స్టేషను ఉంది, కొన్ని రైళ్లు అక్కడినుంచే బయలుదేరతాయి. పటియాలో ఉన్నవారు ఆ రైళ్లను ఎంచుకుంటే ప్రధాన స్టేషను దాకా పోనక్కరలేదు.

కోరాపుట్, జయపురం వైపు వెళ్లేవారిలో అరకు మీదుగా పోయే కిరండూల్ ప్యాసింజరు ఎక్కేవారు చాలామంది ఉంటారు. అది విశాఖలో ఉదయం ఏడు గంటల లోపే బయలుదేరుతుంది, కూర్చోవడానికి చోటు కావాలంటే ఆరింటికే ప్లాట్‌ఫారం మీద ఉండాలి. ఊరి చివరి హోటలునుంచి ముసలివారితో, పిల్లలతో, సామానుతో ఆ వేళకు రావాలంటే నాలుగున్నరకు లేవాలి, ఆ చీకట్లో ఆటో దొరకాలి. వీరు మాత్రం రెండో రాత్రి అద్దె పోతుందని చూడకుండా, ముందు రోజు సాయంత్రమే స్టేషను రిటైరింగ్ రూముకో దాని ఎదుటి లాడ్జికో మారిపోవాలి.